గజ్జల్లో వల

ధవళేశ్వరం దగ్గర గోదావరి ఇసుక మోసేవాళ్లకు బరువు ఎత్తడం రోజువారీ పని. పొత్తికడుపు గోడ పలచబడిన చోట ఆ ఒత్తిడికి పేగు జారి గజ్జల్లో బుడిపెలా పొడుచుకొస్తే అదే హెర్నియా.

ఒకప్పుడు కండరాన్ని లాగి కుట్టేసేవారు. లాగి కుట్టిన కుట్టు ఎంతకాలం ఆగుతుంది? చాలామందికి తిరగబెట్టేది. 1950ల చివర్లో అమెరికా సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ వల వాడి దారి చూపాడు.

ఇప్పుడు బొడ్డు దగ్గర సెంటీమీటరు గాటు, మరో రెండు చిన్న రంధ్రాలు చాలు. చుట్టగా దూర్చిన పాలీప్రొపిలీన్ వలను కండరం వెనక పరుస్తారు. వల కన్నుల్లోంచి కణజాలం అల్లుకుంటుంది. కొత్త వలల్లో కన్నులు పెద్దవి, పీచు తక్కువ. కాబట్టి లోపల బిగుసుకుపోవడమూ తక్కువే.

వల ఖరీదే చిక్కు. మహారాష్ట్రలో డాక్టర్ టోంగావ్‌కర్ శుద్ధిచేసిన దోమతెర గుడ్డను వలగా వాడారు. ఉగాండా పరీక్షలోనూ (2016) ఏడాది తర్వాత ఖరీదైన వలకు అది తీసిపోలేదు. అయితే అవి చిన్న రంధ్రాలతో కాక, కోసి చేసిన ఆపరేషన్లు. గుడ్డ కూడా బజారులో కొని నేరుగా కుట్టేది కాదు సుమా.