నేల మీద చేసిన ఫ్రేము ఎందుకు వంకరపోతుంది?



మా ఆర్మూర్‌లో సంక్రాంతి దాటిందంటే పసుపు పనులు జోరందుకుంటాయి. ఉడకబెట్టే కడాయిలకు, పాలిష్ డ్రమ్ములకు వెల్డింగ్ షాపుల్లో గిరాకీ మొదలవుతుంది. మా బాపు వెల్డర్. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాడిని.

పోయిన ఏడాది బాపు నేల మీద పెట్టి అతికిన డ్రమ్ము ఫ్రేము ఒక మూల లేచింది. రెండు వైపుల బేరింగులు ఒకే వరుసలో లేక డ్రమ్ము బిగుసుకుంది. రైతు వాపసు తెచ్చాడు. కోసి మళ్ళీ అతకడానికి రెండు రోజుల కూలీ పోయింది. "ఇనుమే గుంజిందిరా" అన్నాడు బాపు.

ఆ మాట నిజమే. మీటరు ఇనుప కడ్డీ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. వెల్డింగ్ దగ్గర ఇనుము కరిగేంత వేడి. చుట్టూ ఉన్న చల్లని ఇనుము దాన్ని సాగనివ్వదు, అందుకే అది అక్కడే నొక్కుకుపోతుంది. చల్లారేటప్పుడు మాత్రం కుంచించుకుపోయి ఫ్రేమును తన వైపు లాగుతుంది.

అందుకే ఫిక్స్చర్ బల్ల చేద్దామన్నాను. ఫ్రేము 4 అడుగులు, 3 అడుగులు. చుట్టూ అరడుగు వదిలితే బల్ల 5 అడుగులు, 4 అడుగులు. 12 మి.మీ. ప్లేటే సుమారు 175 కిలోలు తూగుతుంది. కింద చానల్ ఫ్రేము, కాళ్ళకు మరలు. షాపు నేల ఎత్తుపల్లాలే కదా! ప్లేటును చుట్టూ వెల్డింగ్ చేద్దామని నేనంటే బాపు నవ్వాడు. "బల్లే వంగితే దానిమీద చేసేది సక్కగ ఎట్లుంటది?" నా చదువు అక్కడ పనిచేయలేదు. బోల్టులతో బిగించి, సందుల్లో పలుచని రేకు ముక్కలు పెట్టాము. క్లాంపుల కోసం నాలుగు అంగుళాలకొక రంధ్రం వేయించాము.

మెలిక చూడటానికి నాలుగు మూలల్లో ఒకే సైజు నట్లు పెట్టి, వాటి మీదుగా రెండు దారాలు ఎదురు మూలలకు బిగించి లాగాలి. నడుమ ఒకదాన్నొకటి నొక్కకుండా ఊరికే తాకితే సరి. సందున్నా, ఒకటి మరొకదాన్ని నొక్కినా కాళ్ళ మరలు తిప్పాలి.

పని చేసేటప్పుడు ముక్కలను క్లాంపులతో బిగించి ముందు టాకాలే వేయాలి. తర్వాత కర్ణాలు కొలవాలి. మనం చదివిన పైథాగరస్ లెక్కే, 4, 3 అయితే రెండూ 5 అడుగులు రావాలి. ఆ తర్వాత ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా అతకాలి. పూర్తిగా చల్లారేదాకా క్లాంపు విప్పొద్దు. విప్పాక కూడా కొంత లాగుడు ఉంటుంది, కానీ చాలా తక్కువ. బేరింగులు బిగించి వెల్డింగ్ చేయకూడదు, కరెంటు వాటిగుండా పోతే లోపల గుంతలు పడతాయి.

ఈ జనవరిలో చేసిన ఫ్రేముకు కర్ణాల తేడా 1 మిల్లీమీటరే. రైతు ఖాళీ డ్రమ్మును ఒంటిచేత్తో తిప్పి చూసుకున్నాడు.

బల్ల మీద పడిన వెల్డింగ్ చిటుకులను ఏ పూటకాపూట గీకేయాలి, లేకపోతే ముక్క లేచి కొలత తప్పుతుంది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ పని నాదే.