పిండ రక్తోత్పత్తి

సకశేరుకాల (వెన్నెముక గల జీవుల) పిండంలో రక్తకణాలు తొలిసారిగా ఏర్పడే ప్రక్రియను పిండ రక్తోత్పత్తి అంటారు. పెద్దవారిలో రక్తం ఎముక మజ్జలో తయారవుతుంది. అయితే పిండంలో ఈ ప్రక్రియ మొదలయ్యేనాటికి ఎముకలే ఉండవు.

పక్షులు, క్షీరదాలలో మొదటి రక్తకణాలు పిండ శరీరంలో కాక, దానిని అంటిపెట్టుకొని ఉండే సొనసంచి గోడలో పుడతాయి. అక్కడి మధ్యత్వచ కణాలు గుంపులుగా చేరి రక్తద్వీపాలవుతాయి. వాటి వెలుపలి కణాలు రక్తనాళపు గోడగాను, లోపలివి ఎర్ర రక్తకణాలుగాను మారతాయి. మానవ పిండంలో ఇది మూడవ వారంలో జరుగుతుంది. పొదిగిన కోడిగుడ్డును రెండవ రోజు చివర జాగ్రత్తగా తెరిస్తే ఈ ద్వీపాలను ఎర్రని మచ్చలుగా కంటితోనే చూడవచ్చు. ఈ తొలి కణాలు పరిమాణంలో పెద్దవి, కేంద్రకంతోనే రక్తప్రవాహంలో చేరతాయి.

జీవితాంతం రక్తాన్నిచ్చే మూలకణాలు కూడా సొనసంచి నుండే వస్తాయని చాలాకాలం భావించారు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వాజ్ డీటర్లెన్-లియెవ్ర్ కౌజుపిట్ట పిండాన్ని కోడి సొనసంచిపై అతికించి, 1975లో ఫలితాలు ప్రకటించారు. ఈ రెండు జాతుల కణకేంద్రకాలు సూక్ష్మదర్శినిలో వేరువేరుగా కనిపిస్తాయి గనుక ఏ కణం ఎక్కడిదో పోల్చుకోవచ్చు. పెరిగిన పిండపు ప్లీహం, థైమస్‌లలోని రక్తకణాలు కౌజుపిట్టవే! సరళమైన ప్రయోగమే గానీ అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. ఆ మూలకణాల జన్మస్థానం మహాధమని గోడ అని తరువాత తేలింది. 2010లో జీబ్రాచేప పిండంలో ఆ గోడకణాలు వంగి, విడివడి మూలకణాలుగా మారడాన్ని ప్రత్యక్షంగా చూశారు. క్షీరదాలలో ఇవి ముందు కాలేయానికి, ఆపై మజ్జకు చేరతాయి.

సరిపోయే దాత దొరకని లుకేమియా రోగులకై మూలకణాలను ప్రయోగశాలలో తయారుచేయాలనుకునేవారు పిండం నడిచిన ఈ దారినే అనుసరిస్తున్నారు. సొనసంచి పాత్ర తాత్కాలికమనీ అనలేము. ఎలుక మెదడులో జీవితాంతం ఉండే మైక్రోగ్లియా కణాలు అక్కడివే.