గ్రూపు ఎందుకు కదలదు?

మన హాస్టల్ వార్షికోత్సవం కబురు పాత విద్యార్థులకు అందించే పని ఈ ఏడాది మాకు అప్పగించారు. కబురంతా వాట్సాప్‌లోనే పంపాం. "ఇంకా ఆ యాపేనా అన్నా? వేరేదానికి మారిపోవచ్చుగా!" అని కొందరు తమ్ముళ్లు అడిగారు. మేమూ ఒకసారి మారి చూశాం. ఏం జరిగిందో చెబుతాం.

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ విధానం ప్రకటించింది. మన వివరాలు ఫేస్‌బుక్‌కు చేరతాయన్న భయంతో చాలామంది సిగ్నల్, టెలిగ్రామ్ యాప్‌లు ఎక్కించుకున్నారు. మేమూ టెలిగ్రామ్‌లో గ్రూపు తెరిచాం. సగం మందే వచ్చారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు సంగతి కొత్త గ్రూపులోనే పెట్టాం. పాత గ్రూపులో ఉండిపోయిన ఒక మిత్రుడికి అది తెలియలేదు. ఆ ఏడాది ఫీజుకు వాళ్లమ్మ వడ్డీకి తెచ్చింది.

రానివాళ్లది బద్ధకం అనుకున్నాం. అది మా పొరపాటు. ఆ మిత్రుడి ఇంట్లో ఉన్నది ఒక్క జియోఫోన్. అందులో 2018 నుంచి వాట్సాప్ పనిచేసేది. టెలిగ్రామ్, సిగ్నల్ ఆ ఫోన్‌కు యాప్ ఇవ్వనేలేదు.

ఫోన్ ఉన్నవాళ్లూ ఎందుకు రాలేదు? గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డు మీద పుస్తకాల షాపులు చూడండి. కొనేవాళ్లు అక్కడికే వస్తారు కాబట్టి అమ్మేవాళ్లూ అక్కడే ఉంటారు. అద్దె తక్కువని ఒక్క షాపు వేరే వీధికి పోతే బేరాలు పోతాయి. అందరూ ఒకేరోజు కదిలితే ఎవరికీ నష్టం లేదు. ముందు కదిలినవాడికే నష్టం. అందుకే ప్రతివాడూ పక్కవాడి కోసం ఆగుతాడు. దీన్నే నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటారు.

కొత్తది నిలుస్తుందా అన్న అనుమానం కూడా ఉంది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. 2020లో బెంగళూరులో మొదలై, తెలుగులోనూ నడిచిన 'కూ' 2024 జులైలో ఆగిపోయింది. 2025లో 'అరట్టై' పేరు మారుమోగినప్పుడు మన గ్రూపులో మళ్లీ ఇదే చర్చ!

సిమ్ కంపెనీ మారడం మాత్రం మనకు కష్టం కాదు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా పాత నంబరుతోనే కంపెనీ మారవచ్చు. ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకైనా ఫోన్ కలుస్తుంది. యాప్‌లు మాత్రం అలా కలవవు. యూరప్‌లో 2022లో చేసిన చట్టం పెద్ద మెసేజింగ్ యాప్‌లు ఇతర యాప్‌లతో కలవాలంటోంది. మన దేశంలో అలాంటి చట్టం ఇంకా రాలేదు.

మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. మాకు ఆ పెద్ద దిక్కు గ్రూపే. కాబట్టి తమ్ముళ్లూ, మారాలనుకుంటే మారండి. కానీ చివరి మనిషి వచ్చేదాకా పాత గ్రూపు మూయకండి. గడువు తేదీలు రెండుచోట్లా పెట్టండి, నోటీసు బోర్డు మీదా రాయండి. అందరి నంబర్లూ ఒక నోటుపుస్తకంలో ఉంచండి. జవాబు రానివాడికి ఒక్క ఫోన్ చేయండి. ఆనాడు మేము చేయనిది అదే.