దమ్ముకాలమున ట్రాక్టరు గేరు ఆయిలు

కొన్నియేండ్ల క్రిందట సార్వా దమ్ములు సాగుచున్న దినములలో, మా సంఘపు ట్రాక్టరు నడుపు డ్రైవరు ఒక ఉదయమున కార్యదర్శిగారి కడకు వచ్చి, "మన బండికి ఈ యేడు గేరు ఆయిలు ఖర్చు లేదండి. పోయకుండానే పుల్లమీద గీటు దాటి పెరిగిందండి" అని సంతోషముతో చెప్పెను. విన్నవారమందరమును సంతోషించితిమి. నేనును అచ్చటనే యుంటిని.

పది దినములు గడవకమునుపే లిఫ్టు లేవకపోయెను. మేస్త్రి వచ్చి అడుగు బోల్టు విప్పగా వెలువడినది మజ్జిగవలె తెల్లనై నురుగుతో గూడిన ద్రవము. పుల్లమీద పెరిగినది ఆయిలు కాదు, చేనిలోని నీరు! బేరింగులు త్రుప్పు పట్టియుండెను. హైడ్రాలిక్ పంపు అరిగియుండెను. బండి పండ్రెండు దినములు షెడ్డులో పడియుండగా, వంతు వ్రాయించుకొన్న సభ్యులు బయటి ట్రాక్టర్లకు హెచ్చు కిరాయి యిచ్చి దమ్ము చేయించుకొనవలసి వచ్చెను. మీటరు చూడగా ఆయిలు మార్చి 640 గంటలే యైనది. కంపెనీవారి పుస్తకమున 1000 గంటలని యున్నది. కావున పుస్తకము ననుసరించి మేము చేసిన తప్పేమియు లేదు. అయినను బండి చెడినది.

ఇట్లేల జరిగినదో రైతుసోదరులు గ్రహించుట యవసరము. ఇంజను ఆయిలు మంటదాపున పనిచేయును గనుక మసిపట్టి త్వరగా నల్లబడును. దానిని సుమారు 250 గంటల కొకసారి మార్చవలెనని మనలో పలువు రెరుగుదురు. గేరుపెట్టెలో మంట లేదు. అందలి ఆయిలు చాలకాలము చూపునకు బాగుగనే యుండును; కనుకనే దానిని మరతుము. కాని మన ట్రాక్టర్లలో పెక్కింటియందు గేర్లకును, వెనుక డిఫరెన్షియలునకును, లిఫ్టునకును ఒకటే ఆయిలు. 1939లో అమెరికాలో ఫర్గుసను లిఫ్టుతో వెలువడిన ఫోర్డు ట్రాక్టరులోనే యీ యేర్పాటు కలదు. ఆయిల్ బ్రేకులు గల బండ్లలో బ్రేకు పలకలును దానిలోనే మునిగియుండును. అందుచే ఆ యొక్క ఆయిలు చెడినచో చెడునది గేరొక్కటియే కాదు.

కారునకు ఆయిలు మార్పును కిలోమీటర్లనుబట్టి నిర్ణయింతురు, ట్రాక్టరునకు గంటలనుబట్టి. చాల కంపెనీలు 1000 గంటల ప్రాంతమున మార్చుమని చెప్పును. కొన్ని అంతకు తక్కువయు, కొన్ని ఎక్కువయు చెప్పును. మీ బండి పుస్తకము చూచుకొనుడు. ఈ లెక్క మెట్టదుక్కికి చక్కగా సరిపోవును. దమ్ము సంగతి వేరు. కేజివీల్సు తగిలించిన బండి ఇరుసుదాక బురదలో దిగి దినమునకు పది గంటలు నడచును. బురద యిసుక సీళ్లను కోసివేయును. పనిచేయునప్పుడు వేడెక్కిన పెట్టె బండి ఆపగనే చల్లబడి లోనికి గాలిని పీల్చును. సీలు అరిగినచోట గాలికి మారుగా నీటిని పీల్చును. సార్వాకు నలుబది దినములు, దాళ్వాకు నలుబది దినములు దమ్ముచేసిన సంఘపు బండికి ఒక్క యేడాదిలో 800 గంటలు బురదలోనే గడచును. ఆ గంటలను మెట్టగంటలతో సమముగా లెక్కించుటయే మా పొరపాటు.

దమ్ముకాలమున వారమున కొకమారు, రాత్రియంతయు నిలిచియున్న బండికి ఉదయమున స్టార్టు చేయకమునుపే గేజిపుల్ల తీసి చూడవలెను. మట్టము తగ్గినచో కారుచున్నది. పెరిగినచో నీరు చేరినది. రంగు పాలవలెనైనచో సందేహమే లేదు. సందేహమున్నచో పనికిరాని పాతపెనమును ఆరుబయట వేడిచేసి, దూరముగా నిలిచి, ఒక్క చుక్క ఆయిలు వేయుడు, చిటపటలాడినచో నీరున్నది. అప్పుడు గంటల మీటరుతో పనిలేదు. సీలు మార్పించి, ఆయిలు మార్చవలసినదే. సీలు మార్చక కొత్త ఆయిలు పోయుట చిల్లికుండలో నీళ్లు పోయుటవంటిది.

నీరు కనబడకపోయినను, ఎక్కువగా దమ్ముచేయు బండికి 600 గంటలకే మార్చుట మేలని నా యభిప్రాయము. పుస్తకమున అంతకు తక్కువ చెప్పియున్నచో పుస్తకమే ప్రమాణము. సీజనుకు ముందు మార్చుట పలువురి యలవాటు. నేను దమ్ములు ముగిసిన వెంటనే మార్చుమందును. ఏలయన, నీరు చేరిన ఆయిలుతో బండి నెలలకొలది ఖాళీగా నిలిచినప్పుడే బేరింగులకు త్రుప్పు పట్టును.

మార్చునప్పుడు పనినుండి వచ్చిన బండిని సమతలమున నిలిపి, లిఫ్టుచేతులను దింపి, ఆయిలు గోరువెచ్చగా నుండగనే అడుగుబోల్టు లన్నియు విప్పవలెను. కొన్ని బండ్లకు ఇరుసుల యొద్ద వేరు బోల్టులు గలవు. వానిని మరచినచో పాతది లోపలనే నిలుచును. జల్లెడను కడుగవలెను. అయస్కాంతమునకు అంటిన పొడి మెత్తగానుండిన భయములేదు. పెంకులవలె నున్నచో మేస్త్రికి చూపవలెను. ఆయిల్ బ్రేకుల బండికి కంపెనీ చెప్పిన రకమునే పోయవలెను గాని, చవుకయని మామూలు గేరు ఆయిలు పోయరాదు. బ్రేకులు కీచుమని, పట్టు తప్పును. నింపినపిదప ఇంజను నడిపి, లిఫ్టును నాలుగైదు మారులు ఎత్తి దింపి, మరల మట్టము చూడవలెను. తీసిన పాత ఆయిలును కాలువలో పారబోయవద్దు.

ఇక సంఘపు బండ్ల సంగతి. సొంతబండి రైతు తన బండి నాడి తానెరుగును. పదిమంది బండిని ఎవరును ఎరుగరు. డ్రైవరునకు ఎకరముల లెక్కయే కనబడును; కార్యదర్శికి కిరాయి లెక్కయే. మా సంఘమున ఇప్పుడు కిరాయి పుస్తకములో ఒక గడి చేర్చితిమి: దమ్ము గంటలు వేరు, మెట్ట గంటలు వేరు. ఆయిలు వెలను 1000 గంటలకు గాక 600 గంటలకు పంచి, ఆ మొత్తమును దమ్ము కిరాయిలో కలిపి వసూలు చేయుచున్నాము. మొదట కొందరు సభ్యులు గొణిగిరి. ఆ పండ్రెండు దినములు బయట కిరాయి యిచ్చుకొన్నవారు మాత్రము గొణుగలేదు. పుల్ల చూచిన తేదీని, మట్టమును డ్రైవరు ప్రతి సోమవారమును అదే పుస్తకమున వ్రాసి, కార్యదర్శిగారిచే వ్రాలు చేయించుచున్నాడు.