పూత నిండుగుంది, కాయేది?

పందిరి నిండ తీగ పారింది, పచ్చగ పూసింది, దోసకాయ మాత్రం ఒక్కటి లేదు. ఇసుంటప్పుడు కొందరు ఇత్తనం ఖరాబని తీగ పీకేస్తున్నరు, కొందరు దుకాణంకు పోయి పూత నిలిచే టానిక్ తెస్తున్నరు. తమ్ముడూ, చెల్లే.. పైసలు తీసే ముందు జర పువ్వును సూడుండ్రి.

కీరదోసల ఒక్క తీగకే మగపువ్వు, ఆడపువ్వు వేరువేరుగ పూస్తయి. ఆడపువ్వు ఎనుక సన్న పిందె ఉంటది, మగపువ్వుకు ఉత్త కాడ. ముందు వచ్చేది మగపూత. కొన్ని దినాలైనంక ఆడపూత మొదలైతది. అందుకే తొలిపూత రాలితే పరేషాన్ గావద్దు. ఎండ ముదిరినా, యూరియా ఎక్కువైనా ఆడపూత తగ్గుతది.

ఆడపువ్వు పూసినంక పిందె పసుపెక్కి రాలుతుందంటే, చానా సార్లు పుప్పొడి అందనట్టు లెక్క. దోస పుప్పొడి జిగటుంటది, గాలికి ఎగరదు. తేనెటీగే మొయ్యాలె. పువ్వుకున్నది ఒక్కటే దినం. ఆ దినంల ఈగ పలుమార్లు వాలితేనే కాయ నిండుగ వస్తది. అరకొరగ అందితే వంకరపోతది.

మరి ఈగలు ఏమైనయి? పత్తికి, మిరపకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు తేనెటీగకు విషం. మొక్కంత పారి పుప్పొడిల గూడ చేరుతయి. 2018ల యూరోపియన్ యూనియన్ బయటి పొలాలల్ల వీటి వాడకం ఆపింది. మన దుకాణాలల్ల ఇంకా అమ్ముతనే ఉన్నరు. ఈగను సంపే మందు, కాయపట్టే టానిక్ ఒక్క గల్లాపెట్టెలకే పైసలు తెస్తున్నయి. ఈగ ఫుకట్‌గ చేసే పనికి రైతు రెండుసార్లు కడుతున్నడు.

ఇప్పటికైతే పొద్దుగాలనే అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి, రెక్కలు తీసి, ఆడపువ్వు నడిమిట్ల మెల్లగ రాయుండ్రి. బీర, ఆనపకాయ పొద్దుగూకంగ విచ్చుతయి, వాటికి ఆ యాళ్లకే రాయాలె. పాలీహౌజ్ కోసం చేసిన కొన్ని కీర రకాలకు పుప్పొడి అక్కరలేదు, ప్యాకెట్ సదువుకోండ్రి.

కానీ పది తీగలకు చేత్తో రాయొచ్చు, పదెకరాలకు ఎవరు రాస్తరు? తేనెటీగకు హద్దురాళ్లు తెల్వయి. ఒక్కరు మందు ఆపితే సాలదు. రైతువేదికల కూసొని, పూత మీద ఏ మందు కొట్టొద్దో, తప్పనప్పుడు ఈగలు గూటికి పోయినంకనే ఎట్ల కొట్టాల్నో ఏఈఓతోని ఊరంత కలిసి తేల్చుకోవాలె. ఆ మీటింగ్ పెట్టియ్యమని అడగాల్సింది మీరే.