ఏలూలు మాసం నేర్పే లెక్క

నెహెమ్యా గ్రంథం చదివినవారికి ఏలూలు అనే మాట కొత్త కాదు. యెరూషలేము ప్రాకారం 52 దినాలలో పూర్తయి, ఆ నెల 25వ దినాన పని ముగిసిందని 6వ అధ్యాయంలో చూస్తాం. యూదుల పంచాంగంలో ఇది 29 దినాల నెల. మరుసటి నెల మొదటి దినం వారి నూతన సంవత్సర పండుగ, పదవ దినం ప్రాయశ్చిత్త దినం. చాలా ఏళ్లలో ఏలూలు మన భాద్రపదంతో పాటే నడుస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ చేలల్లో పత్తి పూత, కాత మీద ఉండే కాలమది.

పండుగకు ముందు యూదులు ఈ నెలంతా సిద్ధపడతారు. విశ్రాంతి దినాన తప్ప ప్రతి ఉదయం పొట్టేలు కొమ్ము బూర ఊదడం అనేక సమాజాల్లో ఆచారం. మనం మారుమనస్సు అంటున్నదాన్ని వారు 'తెషువా' అంటారు. తిరిగి రావడం అని దాని అర్థం. ఎక్కడ దారి తప్పామో తెలియాలంటే ఆత్మకు లెక్క చూసుకోవాలి. ఆ పనికి కూడా వారికి ఒక పేరుంది: 'హెష్బోన్ హనెఫెష్', అంటే ప్రాణపు లెక్క.

మనకు లెక్కలు కొత్త కాదు. ఖాతా పుస్తకం లేని దుకాణం లేదు. అయితే మనకు ఎవరు బాకీ ఉన్నారో గుర్తున్నంతగా, మనం ఎవరికి బాకీ ఉన్నామో గుర్తుండదు. ఏలూలు ఆ రెండో పేజీ తెరవమంటుంది.

యూదుల ప్రాచీన ధర్మబోధ మిష్నా ఇక్కడ ఖండితంగా మాట్లాడుతుంది. దేవునికి విరోధంగా చేసిన పాపానికి ప్రాయశ్చిత్త దినం ఉంది. పొరుగువానికి చేసిన అన్యాయానికైతే, అతనిని సమాధానపరచేవరకు ఆ దినం కూడా చాలదు. అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమని మన ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పినదీ ఇదే. రక్షణ కృపవలననే, క్రియలవలన కాదు. అయినా క్షమాపణ పొందినవాడు సహోదరుని గడప తొక్కకుండా ఉండలేడు.

నెహెమ్యా 5వ అధ్యాయం మళ్లీ చదువుదాం. గోడ కడుతున్న కథ మధ్యలోనే బీదలు మొరపెట్టారు. ధాన్యం కోసం, పన్ను కోసం పొలాలు తాకట్టు పెట్టామన్నారు. నెహెమ్యా పెద్దలను పిలిచి మిత్తి వదిలేయించాడు, పొలాలు తిరిగి ఇప్పించాడు. గోడ ఒక్కటే లేస్తే చాలదని ఆయనకు తెలుసు.

మన సంఘాల్లో గట్టు తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనంలో చేయి వేయడం లేదా? కూలీ డబ్బులు నిలిపిన చేయి కానుక పెట్టెలో నోటు వేయడం లేదా? వచ్చే బల్లారాధనకు ముందు ఒక్క పేరు కాగితం మీద రాసుకుందాం. వారి ఇంటికి వెళ్దాం. బాకీ ఉంటే తీర్చుదాం, తప్పు మనదైతే ఒప్పుకుందాం. వారు తలుపు తీయకపోయినా ఇంకొకసారి వెళ్దాం.

ప్రభువు మనకు ఆ మొదటి అడుగు వేసే దీనత్వం దయచేయును గాక.