యాక్షన్ రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లలో ఆటతీరు - భయానక వాతావరణం: ‘డయాబ్లో’, ‘డార్క్ సోల్స్’ తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

యాక్షన్ రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లలో ఆటగాడి పాత్ర ఆట సాగినకొద్దీ బలపడుతుంది. అదే సమయంలో ఆటలోని చీకటి, ధ్వని, స్థలచిత్రణ అతణ్ణి భయపెట్టాలని చూస్తాయి. బలం పెరిగినవాడు భయపడడు కాబట్టి ఈ రెండు లక్ష్యాలకూ పొత్తు కుదరడం కష్టం. ఈ వైరుధ్యాన్ని వీర, భయానక రసాల విరోధంగా గుర్తించి, ‘డయాబ్లో’ శ్రేణిలోని మొదటి మూడు ఆటలనూ ‘డార్క్ సోల్స్’నూ ఆధారంగా చేసుకొని, ఆ విరోధాన్ని ఆటతీరు ఎలా పరిహరిస్తుందో, ఎక్కడ పరిహరించలేకపోతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: వీడియో గేమ్, ఆటతీరు, భయానక రసం, బీభత్సం, రసవిరోధం, విభావం, సాధారణీకరణం.

1. ప్రవేశిక:

రససిద్ధాంతాన్ని నాటకానికీ కావ్యానికీ దాటి సినిమాకు అన్వయించిన విమర్శ తెలుగులో ఉంది. వీడియో గేమ్ విషయానికి వచ్చేసరికి ఆ అన్వయం అంత సులభంగా సాగదు. నాటకంలో అనుకార్యుడు, అనుకర్త, సామాజికుడు వేరువేరు వ్యక్తులు. రాముడు ఒకరు, రామవేషధారి ఒకరు, చూసేవారు ఇంకొకరు. వీడియో గేమ్‌లో పాత్రను నడిపేవాడూ, ఆ నడకను చూసి అనుభూతి పొందేవాడూ ఒక్కడే. రసం ఎవరిలో ఉంటుందని భట్టలోల్లటుడి నుంచి అభినవగుప్తుడి వరకు సాగిన చర్చ ఇక్కడ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ వ్యాసంలో ‘ఆటతీరు’ అంటే ఆటగాడు చేయగల పనులు, వాటికి విధించిన నియమాలు, ఓటమికి చెల్లించే మూల్యం. ‘వాతావరణం’ అంటే వెలుగు నీడలు, ధ్వని, కట్టడాలు, కథాసూచనలు కలిసి కలిగించే భావస్థితి. గేమ్ సమీక్షలు సాధారణంగా ఈ రెండింటికీ వేరువేరుగా మార్కులు వేస్తాయి. ఆ విభజన సౌకర్యంగానే ఉంటుంది కాని, చీకటి ప్రధానమైన ఆటల విషయంలో అది నిలవదు.

2. భయానక సామగ్రి:

నాట్యశాస్త్రం భయానక రసానికి చెప్పిన విభావాలలో వికృత ధ్వనులు, భూతదర్శనం, నక్కల గుడ్లగూబల అరుపులు, శూన్యగృహం, అరణ్యగమనం, స్వజనుల వధను గాని బంధనాన్ని గాని చూడడం కనిపిస్తాయి. ఈ రసానికి వర్ణం నలుపు. బీభత్సం నుంచి భయానకం పుడుతుందని కూడా భరతుడు చెప్పాడు. రెండు వేల సంవత్సరాల నాటి ఈ పట్టికను చేతిలో పెట్టుకొని ‘డయాబ్లో’ ఆడితే, ఒక్కొక్క అంశానికీ ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు.

పట్టికలోని చివరి అంశం ప్రత్యేకంగా గమనించదగినది. మిగిలినవన్నీ భయపడేవాడి ప్రాణానికి సంబంధించినవి. స్వజనుల వధబంధనాలను చూడడం మాత్రం అతని అనుబంధానికి సంబంధించినది. రెండు ఆటలూ తమ అత్యంత గాఢమైన సన్నివేశాలను దీనిమీదే నిర్మించాయి. ఆ విషయం నాలుగో భాగంలో వస్తుంది.

3. ‘డయాబ్లో’: నడక, వెలుగు వలయం

1996 చివర వెలువడిన ‘డయాబ్లో’ను బ్లిజార్డ్ నార్త్ సంస్థ రూపొందించింది. డేవిడ్ బ్రెవిక్, మాక్స్ షేఫర్, ఎరిక్ షేఫర్ దాని ప్రధాన రూపకర్తలు. మొదట ఈ ఆటను చదరంగంలా వంతులవారీగా సాగేటట్లు తలపెట్టారు. దానిని నిజకాలంలోకి మార్చాలన్న ప్రతిపాదనను బ్రెవిక్ మొదట వ్యతిరేకించి, తరవాత కొద్ది గంటల్లోనే ఆ మార్పు చేసి చూశాడు. యాక్షన్ రోల్ ప్లేయింగ్ ప్రక్రియ తరవాతి చరిత్రను ఆ కొద్ది గంటలు చాలావరకు నిర్ణయించాయి. భయం దృష్ట్యా కూడా ఆ మార్పు ముఖ్యమైనదే. వంతు కోసం ఆగే శత్రువు ముందు ఆలోచన సాధ్యం. ఆగని శత్రువు ముందు త్రాసమే ముందు పుడుతుంది.

కథాస్థలం ట్రిస్ట్రమ్ అనే చిన్న ఊరు. ఊరి చివర పాడుబడ్డ కథీడ్రల్, దాని కింద పదహారు అంతస్తులు: కథీడ్రల్, భూగర్భ సమాధులు, గుహలు, నరకం, ఒక్కొక్కటి నాలుగేసి. అంతస్తుల అమరికను కంప్యూటర్ ప్రతి ఆటకూ కొత్తగా కూర్చుతుంది కాబట్టి దారి కంఠస్థం కావడమనేది ఉండదు. పాత్ర చుట్టూ ఒక చిన్న వెలుగు వలయం, దాని అవతల నలుపు. ఆ వలయాన్ని పెంచే వస్తువులు ఆటలో దొరుకుతాయి. అంటే ఇక్కడ చీకటి అలంకారంగా మాత్రమే లేదు. కొలిచి, పెంచి, తగ్గించగల పరిమాణంగా ఆట నియమాలలో భాగమై ఉంది.

అంతకన్నా కీలకమైన నియమం మరొకటి. నేలమాళిగల్లో పాత్ర నడవగలదు గాని పరుగెత్తలేదు. పలాయనం భయానకానికి ప్రసిద్ధమైన అనుభావం. ‘డయాబ్లో’ ఆ అనుభావాన్ని అడ్డగిస్తుంది. వెనుదిరిగినా నడకే; శత్రువు వెనకే వస్తాడు. అడ్డగించిన అనుభావం ఆటగాడి చేతివేళ్ళలోకి దిగుతుంది, మౌస్ మీద అనవసరపు నొక్కుళ్ళుగా బయటపడుతుంది. గేమ్‌లో అనుభావాలు తెరమీది పాత్రవి కావు, ఆడేవాడి శరీరానివి అనడానికి ఇది నిదర్శనం.

రెండో అంతస్తులోని బుచర్ ఉదంతంలో రచనాక్రమం ఇంకా స్పష్టం. కథీడ్రల్ వాకిట గాయపడిన ఊరివాడొకడు ఆ రాక్షసుడి సంగతి చెప్పి ప్రాణం విడుస్తాడు. తరవాత మూసిన తలుపున్న గది. తెరవగానే ఛిద్రమైన శవాల రాశి, ఆ వెంటనే తాజా మాంసం దొరికిందని సంబరపడే కసాయి గొంతు. శ్రవణం, బీభత్సం, ధ్వని, ఆ పైన ఆలంబనం - బీభత్సం నుంచి భయానకం పుట్టడమన్న సూత్రానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ ఈ ప్రక్రియలో అరుదు. ఆ గది ఒక్కటే కావడం దాని బలం.

‘డయాబ్లో 2’ (2000) ఆటగా మొదటిదానికంటె సంపన్నమైనది. అయిదు రకాల యోధులు, విస్తృతమైన నైపుణ్యాల అమరిక, ఎడారి, అడవి, నరకం. పాత్ర ఇప్పుడు పరుగెత్తగలదు. శత్రువులు గుంపులుగా వస్తారు, గుంపులుగానే కూలుతారు. శవాలు, రక్తం, శూలాలకు గుచ్చిన దేహాలు మొదటి ఆటలో కంటె ఎక్కువ. భయం మాత్రం తక్కువ. ఒక గదికి పరిమితమైనప్పుడు భయాన్ని పుట్టించిన బీభత్సం, ప్రతి మలుపులోనూ కనిపించేసరికి నేపథ్యమైపోయింది.

4. వీర-భయానక విరోధం, దాని పరిహారం:

ఇక్కడ మూలసమస్య బయటపడుతుంది. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటేనే ఎదుగుదల. చంపినకొద్దీ అనుభవం, అనుభవం వల్ల స్థాయి, స్థాయి వల్ల బలం. దీని స్థాయి ఉత్సాహం, రసం వీరం. వీరం ఉత్తమప్రకృతికి చెందినదనీ, భయం నీచప్రకృతికి చెందినదనీ పూర్వులు చెప్పారు. వీర, భయానకాలు పరస్పర విరోధులని ఆలంకారికులు పేర్కొన్నారు. యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆ రెండింటినీ ఒకే పాత్రలో కోరుతుంది.

ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో విరోధ పరిహారానికి రెండు మార్గాలు చూపాడు. మొదటిది ఆశ్రయభేదం: వీరం నాయకునిలోనూ భయం ప్రతినాయకునిలోనూ ఉంటే చిక్కు లేదు. రెండోది వ్యవధానం: వెంటవెంటనే రాకూడని రెండు రసాల మధ్య మూడోదాన్ని నిలపడం. ‘నాగానందం’లో శాంత, శృంగారాల మధ్య అద్భుతం నిలిచినట్లు. మన జానపద చిత్రాలు ఎక్కువగా ఈ అద్భుతం సాయమే తీసుకున్నాయి. ‘పాతాళభైరవి’ (1951)లో తోటరాముడి సాహసాల వెంట భయం ఎంతోసేపు నిలవకపోవడానికి కారణమదే.

‘డయాబ్లో 3’ (2012) తెలిసో తెలియకో మొదటి మార్గాన్ని పట్టింది. పాత్ర ఒక్క దెబ్బతో పదిమందిని గాలిలోకి విసురుతుంది. కూలిన శత్రువుల నుంచి ఆరోగ్యగోళాలు రాలుతాయి. మరణానికి చెల్లించే మూల్యం స్వల్పం. భయపడవలసింది రాక్షసులే. 2008లో ఈ ఆటను ప్రకటించినప్పుడు రంగులు మరీ ప్రకాశంగా ఉన్నాయని అభిమానులు అభ్యంతరం చెప్పి సంతకాలు సేకరించారు. రూపకర్తలు దానికి చమత్కారంగా సమాధానమిస్తూ, ఇంద్రధనుస్సులు, ఒంటికొమ్ము గుర్రాలు, బొమ్మ ఎలుగులు నిండిన ‘విమ్సీషైర్’ అనే రహస్య స్థలాన్ని ఆటలో పెట్టారు. అభిమానుల బాధ నిజమే గాని వారు చూపించిన కారణం సరైనది కాదు. తెరను ఎంత నల్లగా చేసినా ఆ ఆటతీరులో భయానికి ఆశ్రయం లేదు. 

వ్యవధాన మార్గాన్ని అనుసరించింది మొదటి ‘డయాబ్లో’. ఆటగాడు నేలమాళిగ నుంచి పదేపదే ఊరికి వస్తాడు. కమ్మరి గ్రిస్వోల్డ్, వైద్యుడు పెపిన్, తాగుబోతు ఫార్నమ్, కథలు చెప్పే వృద్ధుడు డెకార్డ్ కెయిన్ అక్కడ ఉంటారు. మాట్ యూల్మెన్ కూర్చిన పన్నెండు తంత్రుల గిటారు సంగీతం వినిపిస్తుంది. అందులో అభయం ఉంది, దిగులూ ఉంది. కరుణానికి దగ్గరగా ఉండే ఆ స్వరం వీరానికీ భయానకానికీ మధ్య నిలిచి రెండింటినీ కాపాడుతుంది. ‘డయాబ్లో 2’లో ఆటగాడు ఆ ఊరికే తిరిగి వెళ్ళవలసి వస్తుంది. ఇళ్ళు కాలిపోయి ఉంటాయి. కెయిన్ పంజరంలో బందీ. గ్రిస్వోల్డ్ రాక్షసుడై ఎదురుపడతాడు. వినిపించేది మాత్రం ఆ పాత గిటారే. స్వజనుల వధబంధన దర్శనం అన్న విభావం ఇదే. మొదటి ఆట ఆడినవారికి అక్కడ చీకటి అవసరం లేదు.

‘డార్క్ సోల్స్’లో ఈ వ్యవధానాన్ని నెగడు నిర్వహిస్తుంది. ఫైర్‌లింక్ ష్రైన్‌లోని నెగడు ఆటగాడికి ఇల్లువంటిది. ఆట మధ్యలో లాట్రెక్ అనే యోధుడు ఆ నెగడును కాపాడే స్త్రీని చంపేస్తాడు, నెగడు ఆరిపోతుంది. చాలామంది ఆటగాళ్ళు ఆ లాట్రెక్‌ను చెరనుంచి స్వయంగా విడిపించి ఉంటారు. రెండు ఆటలూ ముందు వ్యవధానాన్ని అలవాటు చేసి, ఆ తరవాతే దానిని పడగొట్టాయన్నది గమనార్హం.

5. ‘డార్క్ సోల్స్’: చేతిలో దీపమా, డాలా?

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2009లో ‘డీమన్స్ సోల్స్’, 2011లో ‘డార్క్ సోల్స్’ విడుదల చేసింది. రెండింటికీ దర్శకుడు హిదెతాకా మియాజాకి. బాల్యంలో తనకు పూర్తిగా అర్థంకాని ఇంగ్లీషు అద్భుతకథలను చదువుతూ, తెలియని భాగాలను ఊహతో పూరించుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. కథను వస్తువుల వర్ణనల్లో ముక్కలుగా దాచే పద్ధతికి మూలం అక్కడే కనిపిస్తుంది.

ఈ ఆటలో ప్రతి కత్తివేటుకూ, ప్రతి దొర్లుడుకూ దమ్ము ఖర్చవుతుంది. పటం లేదు. ఆటను మధ్యలో నిలిపే సదుపాయం లేదు. చనిపోతే కూడబెట్టిన ‘సోల్స్’ చనిపోయినచోటే ఉండిపోతాయి; వాటిని చేరేలోపు మళ్ళీ చనిపోతే శాశ్వతంగా పోతాయి. నెగడు దగ్గర విశ్రమిస్తే చచ్చిన శత్రువుల్లో అత్యధికులు తిరిగి లేస్తారు. కాబట్టి ఎదుగుదల ఉన్నా అది ఎప్పుడూ పందెంలోనే ఉంటుంది. ఉత్సాహం పెరిగినకొద్దీ పోగొట్టుకోవలసింది పెరుగుతుంది. వీరమే భయానకానికి ఉద్దీపనమయ్యే ఈ ఏర్పాటు ఆనందవర్ధనుడి రెండు మార్గాలలోనూ ఇమడదు.

‘టూంబ్ ఆఫ్ ది జయంట్స్’ అనే ప్రాంతంలో ఆటతీరూ వాతావరణమూ ఒకటైపోతాయి. అక్కడ దాదాపు ఏమీ కనిపించదు. కపాలదీపం ఒకటి దొరుకుతుంది. కాని దానిని చేత్తో పట్టుకోవాలి. ఎడమచేతిలో దీపం ఉంటే డాలు ఉండదు. చూడడమా, కాచుకోవడమా అన్నది ఆటగాడు క్షణక్షణం తేల్చుకోవాలి. ‘డయాబ్లో’లోని వెలుగు వలయం ఒక సంఖ్య, ఇక్కడి వెలుగు ఒక త్యాగం. అధిక ప్రాంతాలలో సంగీతం లేకపోవడం వల్ల అడుగుల చప్పుడే ఆధారమవుతుంది.

ఆనర్ లోండో దీనికి విపర్యయం. అంతటా బంగారు ఎండ, ఎత్తైన సౌధాలు, వాటిలో దాదాపు మనుషులే లేరు. భరతుడు చెప్పిన శూన్యాగారం పట్టపగలు కనిపిస్తుంది. అక్కడి రాకుమారి ఒక మాయారూపం. ఆమెమీద దెబ్బ వేస్తే ఎండ కూడా మాయమై నగరం చీకటిలో మిగులుతుంది. ‘డయాబ్లో 3’ వెలుగును తప్పుపట్టిన అభిమానులకు తగిన సమాధానం విమ్సీషైర్ కంటె ఈ నగరంలోనే ఉందనవచ్చు.

6. లౌకిక భయమా, రసమా?

శాస్త్రదృష్టితో ఒక అభ్యంతరం మిగిలి ఉంది. అభినవగుప్తుడు భయానకానికి ఉదాహరణగా ‘శాకుంతలం’ మొదటి అంకంలోని లేడిని తీసుకున్నాడు. దుష్యంతుని బాణానికి బెదిరి పరుగెత్తే ఆ లేడి భయం, దేశకాలాల నుంచీ వ్యక్తి నుంచీ విడివడి సాధారణీకృతమై సామాజికుడికి అందుతుంది. స్వీయమైన సుఖదుఃఖాలకు వశం కావడాన్ని ఆయన రసవిఘ్నాలలో ఒకటిగా లెక్కించాడు. ‘డార్క్ సోల్స్’లో మూడు గంటల సంపాదన పోతుందన్న భయం అచ్చంగా స్వీయం. పాత్ర ఒకసారి చనిపోతే శాశ్వతంగా పోయే ‘డయాబ్లో 2’ హార్డ్‌కోర్ పద్ధతిలో అది మరీ స్పష్టం. ఇది పులిని చూసిన భయమే తప్ప రసం కాదని పూర్వపక్షం చేయవచ్చు.

ఈ వాదం మొదటిసారి ఆడేవాడి విషయంలో చాలావరకు నిలుస్తుంది. అతనికి సమాధులనూ శిల్పాలనూ చూసే తీరిక లేదు. కళ్ళు దమ్మును చూపే పచ్చగీతమీదే ఉంటాయి. రెండోసారి ఆడేవాడి స్థితి వేరు. ఏ మూల ఏ శత్రువు పొంచి ఉన్నాడో అతనికి తెలుసు. పోగొట్టుకునేది తక్కువ, పోగొట్టుకున్నా తిరిగి సంపాదించే నేర్పు ఉంది. లౌకిక భయానికి కారణం దాదాపు తొలగిపోయింది. అయినా కపాలదీపం పట్టుకొని ఆ సమాధుల్లోకి దిగేటప్పుడు అతని నడక నెమ్మదిస్తుంది, పరుగెత్తగలిగీ పరుగెత్తడు. ఆ నెమ్మదించిన నడకకు కారణం నష్టభయం కాదు. కావ్యాన్ని రెండోసారి చదివే సహృదయుడిలాగే అతడూ తెలిసినదానికే మళ్ళీ లోబడుతున్నాడు. భయానక రసాన్ని ఈ ప్రక్రియలో వెదకవలసింది ఆ రెండో ఆటలో.